గాల్లో కలిసే పెయింట్ ఎవరి ఖాతాలో రాయాలి?

ఇనుమును కోసి, అతికి బీమ్‌లూ ట్రస్‌లూ తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డుల్లో పెయింట్ కొనే రోజు చూడాలి. లీటరుకు అయిదు రూపాయలు తగ్గించడానికి యజమాని డీలర్‌తో అరగంట ఫోన్లో మాట్లాడతాడు. ఇంకో కంపెనీ కొటేషన్ తెప్పించి చూపిస్తాడు, పాత పరిచయాలు గుర్తు చేస్తాడు, చివరికి మూడు రూపాయలు తగ్గించుకుని గెలిచినట్టు ఫోన్ పెట్టేస్తాడు. ఆ డబ్బాలు షెడ్డులోకి వచ్చాక మాత్రం వాటిని పట్టించుకునేవాడు ఉండడు. గన్నులోంచి బయటికొచ్చిన దాంట్లో ఇనుము మీద నిలిచింది ఎంత, గాల్లో కలిసింది ఎంత అని హైదరాబాద్ చుట్టూ చర్లపల్లి నుంచి పాశమైలారం దాకా ఇన్‌స్పెక్టర్‌గా నేను ఎవరిని అడిగినా ఒకే జవాబు వస్తుంది: "స్ప్రే అన్నాక కొంత పోతుంది కదా సార్."

కొంత అంటే ఎంత? లెక్క కష్టమేమీ కాదు. పెయింట్ కంపెనీ ఇచ్చే డేటా షీటులో వాల్యూమ్ సాలిడ్స్ అని ఒక శాతం ఉంటుంది. పెయింట్‌ను పలచగా ఉంచే సాల్వెంటంతా ఆవిరైపోయాక ఇనుము మీద మిగిలే భాగం అది. ఆ అంకెను పదితో గుణించి, కావలసిన మందంతో (మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) భాగిస్తే, లీటరు పెయింట్ ఎన్ని చదరపు మీటర్లకు రావాలో తెలుస్తుంది. 50 శాతం సాలిడ్స్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్, 60 మైక్రాన్ల కోటు అనుకోండి. లీటరుకు 8.3 చదరపు మీటర్లు వస్తుంది. వెయ్యి చదరపు మీటర్ల పనికి 120 లీటర్లు చాలు. ఒక్క చుక్క కూడా పక్కకు పోకపోతే మాట ఇది.

మామూలు ఎయిర్ స్ప్రే గన్నుతో కొడితే వస్తువు మీద నిలిచేది 25 నుంచి 40 శాతం అని ఈ పనిలో ఉన్నవాళ్ళు సాధారణంగా వేసుకునే అంచనా. 30 శాతం పట్టుకుంటే ఆ 120 లీటర్లు కాస్తా 400 అవుతాయి. అదే పనిలో 65 శాతం నిలబెట్టగలిగితే 185 లీటర్లతో అయిపోతుంది. లీటరు మూడు వందలనుకున్నా తేడా 64 వేల పైచిలుకు. డీలర్‌తో అరగంట బేరమాడి మిగుల్చుకున్నది 400 లీటర్ల మీద 1,200.

ఇంత తేడా కళ్ళ ముందు ఉన్నా ఎందుకు కనిపించదు? పెయింటర్లకు పనితనం లేదనేది యజమానులు చెప్పే కారణం. నేను ఒప్పుకోను. పని నేర్పుకు సంబంధించిన భాగం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ మన షెడ్డుల్లో పెయింట్ ఎక్కువగా వృథా అయ్యేది లెక్క రాసే పద్ధతి వల్ల. పనికి డబ్బులు ఇచ్చే తీరులోనే ఆ వృథా ఇమిడి ఉంది. అది మారకుండా కొత్త గన్నులు కొన్నా, శిక్షణలు పెట్టినా, గోడల మీద బోర్డులు రాయించినా మూడు నెలల్లో కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

స్ప్రే అనేదే వేగం కోసం పుట్టిన పని. 1893లో చికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. ప్రారంభం దగ్గర పడుతున్నా భవనాలకు తెల్ల రంగు పూర్తి కాలేదు. కుంచెలతో అయ్యే పని కాదని గాలి ఒత్తిడితో రంగు చిమ్మించారు. అక్కడ ఎవరూ ఎన్ని లీటర్లు పోతున్నాయని అడిగి ఉండరు, రోజులు మిగలడమే కావాలి. నూట ముప్పై ఏళ్ళు దాటినా మన షెడ్డుల్లో ఆలోచన అదే. లోడింగ్‌కు లారీ వచ్చి గేటు దగ్గర నిలబడింది, సాయంత్రానికి మెటీరియల్ ఎక్కాలి, టెన్షన్. ఆ టైములో ఫ్యాన్ వెడల్పు, అంటే గన్నులోంచి వచ్చే పెయింట్ పరుచుకునే వెడల్పు, గురించి మాట్లాడితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు.

అయినా ఆ ఫ్యాన్ వెడల్పు గురించే మాట్లాడతాను. గాలి కలపకుండా పంపు ఒత్తిడితోనే పెయింట్ చిమ్మే ఎయిర్‌లెస్ గన్ను నాజిల్ మీద మూడంకెల నంబరు ఉంటుంది. మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించేది 517. మొదటి అంకెను రెండుతో గుణిస్తే, పన్నెండు అంగుళాల దూరం నుంచి కొట్టినప్పుడు పెయింట్ ఎంత వెడల్పున పడుతుందో వస్తుంది. అంటే పది అంగుళాలు. చివరి రెండంకెలు రంధ్రం సైజు, అంగుళంలో వెయ్యో వంతుల్లో 17. ట్యాంకు గోడకో, పెద్ద ప్లేటుకో 517 చక్కగా సరిపోతుంది. ఇప్పుడు అదే నాజిల్‌తో 50 మిల్లీమీటర్ల యాంగిల్‌కు, అంటే ఎల్ ఆకారపు ఇనుప కమ్మీకి, కొట్టండి. పది అంగుళాల ఫ్యాన్ ముందు రెండంగుళాల ఇనుము. పెయింటర్ ఎంత నిపుణుడైనా, చెయ్యి ఎంత నిటారుగా కదిలినా, అయిదింట నాలుగు వంతులు యాంగిల్ పక్కనుంచి దూసుకెళ్ళి వెనకున్న గోడ మీదో నేల మీదో పడాల్సిందే. 213 పెడితే ఫ్యాన్ నాలుగంగుళాలకు తగ్గుతుంది, సగం నిలుస్తుంది. మార్చాల్సింది ఒక చిన్న నాజిల్. రంధ్రం సన్నం కాబట్టి పెయింట్‌ను శుభ్రంగా వడకట్టాలి, గన్ను ఫిల్టరు కడగాలి. అంతే పని.

నాజిల్ అరుగుదల ఇంకో దొంగ. అరిగేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది, ఫ్యాన్ సన్నబడుతుంది. 17 కాస్తా 21 అయిందంటే రంధ్రం వైశాల్యం ఒకటిన్నర రెట్లు అవుతుంది, పెయింట్ కూడా దాదాపు అంతే ఎక్కువగా బయటికొస్తుంది. సన్నని ఫ్యాన్‌లో అంత పెయింట్ రావడంతో మధ్యలో దట్టంగా పడి కారుతుంది, అంచుల్లో పలచగా మిగులుతుంది. పలచన కనబడ్డ చోట మళ్ళీ కొడతారు. పది అంగుళాలు రావాల్సిన ఫ్యాన్ ఏడున్నరకు వచ్చిందంటే నాజిల్ పారేయాలి. ఇరవై లీటర్ల డబ్బా ఒకటి కొనే డబ్బుతో నాజిల్ వస్తుంది. కానీ నాజిల్ కొనాలంటే పర్చేజ్ వాళ్ళకు ఇండెంట్ రాయాలి, సంతకాలు కావాలి. పెయింట్ డబ్బా మాత్రం స్టోర్స్ నుంచి అడగగానే వస్తుంది. కాబట్టి డబ్బాలే ఖర్చవుతాయి.

చర్లపల్లి వైపు ఒక షెడ్డులో కప్పును మోసే ట్రస్ పని జరుగుతుంటే, అన్నీ సన్నని యాంగిల్సే, చిన్న నాజిల్ పెట్టమని పెయింటర్‌కు చెప్పాను. "అన్నా, ఇది చూడు, సగం గోడకే పోతుంది కదా" అన్నాను. అతను గన్ను దించి నా వంక చూసి, "కనబడ్తుంది సార్. చిన్న నాజిల్ పెడితే ఇయ్యాల చేసే పని రేపటికి పోతది. ఆ కూలి మీరిస్తరా?" అన్నాడు. నేను చదివిన డేటా షీట్లలో దేంట్లోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు.

అతనికి డబ్బులు ఎలా వస్తాయో చూడండి. పెయింట్ షెడ్డు యజమానిది, లేబర్ కాంట్రాక్టరుది. రేటు టన్నుకు ఇంతని మాట్లాడుకుంటారు. టన్నులు ఎంత త్వరగా లేస్తే అంత కూలి. పెయింట్ తగ్గితే అతనికి దమ్మిడీ రాదు, పని ఆలస్యమైతే మాత్రం కోత పడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు పెయింట్ పోతోందంటే ఆశ్చర్యం ఎందుకు? పైగా ఇక్కడ అల్లుడికి దానం చేసినందుకే జీతం.

ఆ టన్ను లెక్క ఒక పెద్ద మాయ. 50×50×6 యాంగిల్ టన్ను తీసుకుంటే పెయింట్ వేయాల్సిన ఉపరితలం దాదాపు 44 చదరపు మీటర్లు వస్తుంది. అదే 600 మిల్లీమీటర్ల బీమ్ టన్ను తీసుకుంటే 16, 17 చదరపు మీటర్లు. రెండూ టన్నే. స్టోర్స్ రిజిస్టర్లో మాత్రం "ఈ నెల ఇన్ని టన్నులు, ఇన్ని లీటర్లు" అని ఒకే వరుసలో ఉంటుంది. ఒక నెల బీమ్‌లు ఎక్కువ వస్తే పెయింట్ ఆదా అయినట్టు కనబడుతుంది, అందరూ సంతోషిస్తారు. మరుసటి నెల ట్రస్‌లు వస్తే పెయింటర్‌ను తిడతారు. రెండు నెలల్లోనూ పెయింటర్ పని తీరు ఒకటే. చదరపు మీటర్లలో లెక్క రాయనంత కాలం వృథా అనేదాన్ని కొలవడమే సాధ్యం కాదు. డ్రాయింగులు కంప్యూటర్లోనే చేస్తున్నారు, ఉపరితలం ఎంతో ఆ సాఫ్ట్‌వేరే చెబుతుంది. ఆ అంకె డ్రాయింగ్ ఆఫీసు నుంచి స్టోర్స్‌కు రావడానికి నడిచే దూరం వంద అడుగులు ఉండదు, కానీ రాదు.

ఇలాంటి చోటికి గన్నులమ్మే సేల్స్‌మన్ వస్తాడు. హెచ్‌విఎల్‌పి గన్ను పెట్టండి, వృథా సగానికి తగ్గుతుంది అంటాడు. అబద్ధం కాదు. ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి, గన్ను మూతి దగ్గర 10 పిఎస్ఐ దాటకూడదు. వేగం తక్కువ కాబట్టి చుక్కలు ఇనుమును గుద్దుకుని వెనక్కి ఎగరవు. దక్షిణ కాలిఫోర్నియాలో వాహనాల రీపెయింటింగ్‌కు ఈ గన్నుగానీ, కనీసం 65 శాతం నిలబెట్టే ఇంకో పద్ధతిగానీ వాడాలని అక్కడి గాలి నాణ్యత సంస్థ నిబంధన పెట్టింది. వాళ్ళ బాధ పెయింట్ ఖర్చు కాదు, లాస్ ఏంజెలెస్ మీద కమ్మే కాలుష్యపు పొగ.

కానీ మన షెడ్డులో రెండు హార్స్‌పవర్ కంప్రెసర్ ఉంటుంది. అది ఇచ్చే గాలి నిమిషానికి ఏడెనిమిది ఘనపుటడుగులు. హెచ్‌విఎల్‌పి చాలా మోడళ్ళకు పదికి పైనే కావాలి. పైగా ముప్పై మీటర్ల సన్నని గొట్టం, మధ్యలో రెండు మూడు జాయింట్లు. గన్ను దగ్గరికి వచ్చేసరికి గాలి చాలక పెయింట్ చిన్న చుక్కలుగా విడిపోదు, నారింజ తొక్కలా గరుకుగా పడుతుంది. పెయింటర్ ఒక పూట చూసి పాత గన్ను తీసుకుంటాడు. కొత్తది డబ్బాతో సహా స్టోర్స్‌లో భద్రంగా ఉంటుంది, ఆడిట్‌కు వచ్చినవాళ్ళకు చూపించడానికి. గన్ను కొనే ముందు కంప్రెసర్, గొట్టం చూసుకోమని ఏ సేల్స్‌మనూ చెప్పగా నేను వినలేదు.

ఎలక్ట్రోస్టాటిక్ సంగతి కూడా ఇంతే. 1940లలో అమెరికాలో ఇండియానాపోలిస్‌లో హెరాల్డ్ రాన్స్‌బర్గ్ అభివృద్ధి చేసిన పద్ధతి అది. చుక్కలకు విద్యుదావేశం ఇస్తారు, వస్తువును ఎర్త్ చేస్తారు, పక్కనుంచి పోయే చుక్క కూడా వెనక్కి తిరిగి వచ్చి అంటుకుంటుంది. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే వస్తువును వేలాడదీసే కొక్కేల మీద పాత పెయింట్ పొరలు పొరలుగా పేరుకుంటే ఎర్త్ తెగిపోతుంది, లక్షలు పోసి కొన్న యంత్రం మామూలు గన్నులా పనిచేస్తుంది. పౌడర్ కోటింగ్ లైన్లలోనూ ఇదే జబ్బు. కొక్కేలు శుభ్రం చేయడం ఎవరి పనో ఎక్కడా రాసి ఉండదు.

పని నేర్పు గురించి చెబుతానన్నాను. గన్నును ఇనుముకు లంబంగా పట్టాలి, మణికట్టు తిప్పుతూ విసనకర్రలా ఊపకూడదు, ప్రతి వరస ముందు వరసలో సగాన్ని కప్పాలి, ముక్క చివర ట్రిగ్గర్ వదలాలి. ఇవన్నీ నేర్పితే వచ్చేవే. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ నార్తర్న్ అయోవా వాళ్ళ వేస్ట్ రిడక్షన్ సెంటర్ పెయింటర్ల కోసం స్టార్ అనే శిక్షణ నడిపింది. గన్నుకు లేజర్ బిగించే పరికరం కూడా చేశారు. సరైన దూరంలో ఉంటే రెండు కాంతి చుక్కలు కలిసి ఒకటవుతాయి, జరిగితే విడిపోతాయి. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ తెచ్చిన నిబంధన ప్రకారం అక్కడ కొన్ని రకాల స్ప్రే పనులు చేసే పెయింటర్లకు శిక్షణ తప్పనిసరి, అయిదేళ్ళకోసారి మళ్ళీ తీసుకోవాలి. మంచిదే. కానీ ముక్క చివర ట్రిగ్గర్ వదలడం తెలియక కాదు మనవాళ్ళు వదలనిది. రోజుకు వేల సార్లు వేలు వదిలి మళ్ళీ నొక్కడం కన్నా నొక్కి ఉంచడమే చేతికి సుఖం. ఆ కష్టానికి ప్రతిఫలం లేనప్పుడు శిక్షణ సర్టిఫికెట్ గోడకే పరిమితం.

గన్ను దాకా రాకుండానే పోయే పెయింట్ ఇంకొంత ఉంది. సాయంత్రం నాలుగింటికి మూడు లీటర్ల పని మిగిలి ఉంటుంది. పెయింట్ రెండు డబ్బాల్లో వస్తుంది: బేస్ 16 లీటర్లు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 4 లీటర్లు, కొలిచే గిన్నె కనిపించదు. హెల్పర్ రెండు డబ్బాలూ తెరిచి మొత్తం కలిపేస్తాడు. కొలత తప్పితే పెయింట్ గట్టిపడదు, తిట్లు తనకే, కాబట్టి అతని వైపు నుంచి చూస్తే అదే తెలివైన పని. పొద్దున్నే చూస్తే డ్రమ్ములో రాయి. ఎండాకాలమైతే పొద్దుటి దాకా కూడా ఆగక్కర్లేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కలిపిన పెయింట్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది, మే నెలలో రేకుల షెడ్డు కింద డేటా షీటులో రాసిన టైమ్ ఎక్కడ దొరుకుతుంది? ఆ ఎండకే గన్నులోంచి వచ్చిన చుక్కలు ఇనుమును చేరేలోపు ఆరిపోయి పొడిలా రాలతాయి. మధ్యాహ్నం ఆపి తెల్లవారుజామున కొట్టుకోవడం, నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడటం ఊళ్ళో ఏ పెయింటర్‌ను అడిగినా చెబుతాడు. షిఫ్టు టైమ్ మార్చే అధికారం అతనికి లేదు.

ఇంకో వృథా ఎవరి లెక్కకూ అందదు, ఎందుకంటే అది ఇనుము మీదే ఉంటుంది. 60 మైక్రాన్లు అడిగితే 95 కొట్టడం. పైన చెప్పిన వెయ్యి చదరపు మీటర్ల మీద 120 లీటర్లకు బదులు 190 లీటర్లు ఇనుము మోస్తుంది. ఇన్‌స్పెక్టర్ మందం కొలిచే మీటరు పెట్టినప్పుడు తక్కువ వస్తే రిజెక్ట్, ఎక్కువ వస్తే పాస్. తప్పు నా లాంటి ఇన్‌స్పెక్టర్ల పద్ధతిలోనే ఉంది. కనిష్ఠం రాస్తాం, గరిష్ఠం అడగం. పెయింటర్ భయంతో ఇంకో చెయ్యి వేస్తాడు. తడిగా ఉండగానే దువ్వెన లాంటి గేజ్ పెట్టి చూసుకోవచ్చు, దాని ఖరీదు నామమాత్రం. 50 శాతం సాలిడ్స్ పెయింట్ తడిలో 120 మైక్రాన్లు ఉంటే ఆరాక 60 అవుతుంది, థిన్నర్ కలిపితే ఆ మేరకు కొంచెం ఎక్కువ. ఈ ఒక్క లెక్క పెయింటర్‌కు నేర్పి గేజ్ జేబులో పెడితే చాలు, అంచనాతో పని ఉండదు.

పోయిన పెయింట్ పోయి ఊరుకుంటుందా అంటే అదీ లేదు. పెయింట్ కొట్టే గది (బూత్) నీళ్ళలోనో, ఫిల్టర్లలోనో బురదలా పేరుకుంటుంది. పెయింట్ వాడకం నుంచి వచ్చే బురద 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. తెలంగాణలో అయితే దుండిగల్, విశాఖ వైపు అయితే పరవాడ లాంటి చోట్ల ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు పంపాలి, కిలోల లెక్కన డబ్బు కట్టాలి. కొన్నప్పుడు ఒకసారి, వదిలించుకోవడానికి రెండోసారి. బూత్ లేని షెడ్డుల్లో ఆ ఖర్చు మనుషుల ఊపిరితిత్తుల మీద పడుతుంది. పాలీయురేథేన్ పెయింట్ల హార్డెనర్లలో ఉండే ఐసోసయనేట్లనే రసాయనాల వల్ల ఉబ్బసం వస్తుందని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ముక్కుకు చేతి రుమాలు కట్టుకుని కొడుతున్న కుర్రాణ్ణి చూసినప్పుడు లీటర్ల లెక్క మీద నాకు ఉండే ఆసక్తి కాస్త తగ్గుతుంది, మందిని కాపాడే లెక్క కూడా అదేనని గుర్తు తెచ్చుకుంటాను.

నేను అడిగేది ఇది. పెయింటింగ్ కాంట్రాక్టు టన్నుల్లో కాకుండా చదరపు మీటర్లలో రాయండి. ఒక్కో రకం పనికి ఇప్పుడు లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తున్నాయో నెల పాటు కొలవండి. కావాలంటే రేకు పరీక్ష చేయండి: అల్యూమినియం ఫాయిల్ తూచి ముక్కకు చుట్టి, గన్ను కుండనూ తూచి, మామూలుగా కొట్టించి, ఆరాక ఫాయిల్‌ను, వెంటనే కుండను మళ్ళీ తూయండి. పెయింట్ బరువులో ఘనపదార్థం శాతం డేటా షీటులో ఉంటుంది, ఎంత నిలిచిందో తేలిపోతుంది. ఆ తర్వాత, ఇప్పటి వాడకం కన్నా ఎన్ని లీటర్లు తగ్గితే ఆ విలువలో సగం పనిచేసినవాళ్ళకు ఇవ్వండి. నెల తిరిగేలోపు 213 నాజిల్ కావాలని పెయింటరే స్టోర్స్ ముందు నిలబడతాడు.

పలచగా కొట్టి డబ్బు తీసుకుంటారు కదా అని ఒక యజమాని అడిగాడు. మైక్రాన్ మీటరు ఉన్నది దానికే. కనిష్ఠంతోపాటు గరిష్ఠం కూడా రాసి, రెండింటి మధ్య వచ్చిన పనికే వాటా ఇవ్వాలి, మీటరు పట్టుకునేవాడు ఆ వాటాలో లేనివాడై ఉండాలి. అంచులు, వెల్డింగ్ గీతలు ముందే కుంచెతో వేయించాలి, లేకపోతే మీటరు పెట్టని చోట్ల పలచన చేస్తారు, తుప్పు మొదలయ్యేది అక్కడే. పెయింటర్లకు అంత డబ్బు ఎందుకన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు, గోడకు ఇచ్చేదానికి అభ్యంతరం లేనప్పుడు మనిషికి ఇచ్చేదానికి ఎందుకో వాళ్ళే చెప్పాలి.

చిన్న షెడ్డులో రోజుకు నాలుగు రంగులు మార్చే పనికి ఈ లెక్క ఇంత సాఫీగా కుదరదు. అక్కడ గన్ను కడగడంలోనే సగం పోతుంది, లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత వచ్చేలా పని వరస వేయడం పెయింటర్ చేతిలో ఉండదు, ప్లానింగ్ చేసేవాడి చేతిలో ఉంటుంది. అలాంటి చోట వాటా అతనికీ ఉండాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. వాటా కాగితంలో హెల్పర్ భాగం విడిగా రాయండి. కలిపేది అతను, వడకట్టేది అతను, సాయంత్రం నాలుగింటికి మూడు లీటర్లే కొలవాలా, డబ్బా అంతా ఒంపేయాలా అని నిర్ణయించేది అతను. అతని భాగం పెయింటర్ దయకు వదిలేస్తే రెండో నెల నుంచే డ్రమ్ములో రాళ్ళు మళ్ళీ మొదలవుతాయి.